శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కంప్యూటర్ సైన్స్ స్నాతకోత్తర విద్య: చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు కంప్యూటర్ సైన్స్ స్నాతకోత్తర విద్య చేరిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1997లో మొదలైన ఇంజనీరింగ్ కళాశాలలు, 2008 తరువాత ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, అఖిల భారత సాంకేతిక విద్యామండలి నిబంధనలు, బోధన రుసుము విధానాలు ఈ విద్యను ఎలా మలచాయో వివరిస్తుంది. బి.టెక్. తరగతులకు అధ్యాపకులను సమకూర్చే అవసరం నుంచి పుట్టినందువల్ల, ఆ అవసరం తగ్గినప్పుడు ఎం.టెక్. ఆధారం కోల్పోయిందని ప్రతిపాదిస్తుంది. గిడుగు రామమూర్తి సవర భాషాకృషి, కాళీపట్నం రామారావు కథానిలయం ఈ విద్యకు స్థానికమైన పరిశోధన పునాదులు కాగలవని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: ఉత్తరాంధ్ర, స్నాతకోత్తర విద్య, కంప్యూటర్ సైన్స్, గిడుగు రామమూర్తి, సవర భాష, కథానిలయం.

1. ఉపోద్ఘాతం

2022 జనవరిలో విజయనగరంలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల ప్రత్యేక విశ్వవిద్యాలయంగా మారింది. దానికి గురజాడ అప్పారావు పేరు పెట్టారు. ఒక కవి పేరును సాంకేతిక విశ్వవిద్యాలయానికి పెట్టడం ఆ ఊరి అభిమానానికి గుర్తు. అయితే ఈ పేరుకు అంతకుమించిన అర్థం ఉంది. కళాశాల విద్యార్థులు ఏ తెలుగులో వ్యాసరచన చేయాలన్న వివాదంలో గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. ఉన్నత విద్య ప్రజల భాషకు ఎంత దగ్గరగా ఉండాలన్నదే నాటి ప్రశ్న. ఆయన పేరు ధరించిన విశ్వవిద్యాలయ పరిధిలో సాగే కంప్యూటర్ సైన్స్ ఉన్నత విద్యకూ ఆ ప్రశ్న వర్తిస్తుందా అన్నది పరిశీలించవలసిన విషయం.

కంప్యూటర్ సైన్స్ చరిత్రను యంత్రాలు, సంస్థల చరిత్రగా చెప్పడం పరిపాటి. ఒక ప్రాంతానికి ఆ విద్య ఎప్పుడు, ఎవరి అవసరం కోసం వచ్చిందన్నది వేరే చరిత్ర. ఈ వ్యాసం రెండో కోవకు చెందినది.

2. పై చదువుకు పయనం

విజయనగరంలో ఆంగ్ల విద్యకు పునాది 1857లో పడింది. పూసపాటి విజయరామ గజపతిరాజు స్థాపించిన పాఠశాల 1879లో కళాశాల స్థాయికి ఎదిగింది. గిడుగు, గురజాడ అక్కడ సహాధ్యాయులు. పట్టభద్రులైన తరువాత పై చదువు కోరేవారు ఊరు విడవవలసిందే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి, 1930లో బెజవాడ నుంచి వాల్తేరుకు తరలిన తరువాత ఆ దూరం తగ్గింది. విజయనగరం నుంచి వాల్తేరుకు సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి సుమారు 110 కిలోమీటర్లు.

ఇంజనీరింగ్ విద్య విషయంలో మరో మలుపు ఉంది. ఉమ్మడి మద్రాసు ప్రభుత్వం 1946లో 'విశాఖపట్నం ఇంజనీరింగ్ కళాశాల'ను నెలకొల్పింది. అప్పటికి శ్రీకాకుళం, విజయనగరం రెండూ విశాఖపట్నం జిల్లాలోనివే. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో విడివడ్డాయి. విశాఖ పేరుతో పుట్టిన ఆ కళాశాల కొద్దికాలానికే కాకినాడకు తరలిపోయింది. 1972లో హైదరాబాదు కేంద్రంగా జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు కాకినాడ, అనంతపురం, హైదరాబాదు కళాశాలలు అందులో చేరాయి. వాల్తేరులో 1955లో ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది. తరువాతి కాలంలో అక్కడ కంప్యూటర్ సైన్స్ అండ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ విభాగం కూడా రూపొందింది. ఆ విధంగా ఉత్తరాంధ్ర విద్యార్థికి సాంకేతిక విద్యలో పై చదువంటే వాల్తేరు లేదా కాకినాడ, అదీ కుదరకపోతే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో సికింద్రాబాదు బండి ఎక్కడం.

1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో స్నాతకోత్తర కేంద్రాన్ని తెరిచింది. స్నాతకోత్తర విద్య జిల్లాలోకి అడుగుపెట్టడంలో అది ముఖ్యమైన ఘట్టం. సాంకేతిక విద్య అక్కడికి చేరడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది.

3. 1997: కళాశాలల రాక

1997లో ఈ ప్రాంతంలో రెండు ఇంజనీరింగ్ కళాశాలలు ఆరంభమయ్యాయి. గోగునార, జనపనార వ్యాపారానికి పేరుపడిన రాజాంలో, ఆ ఊరిలోనే పుట్టిన పారిశ్రామికవేత్త గ్రంధి మల్లికార్జునరావు స్థాపించిన ఫౌండేషన్ జి.ఎం.ఆర్. సాంకేతిక విద్యాసంస్థను నెలకొల్పింది. విజయనగరం దగ్గర చింతలవలసలో మాన్సాస్ సంస్థ మహారాజ్ విజయరామ్ గజపతిరాజ్ ఇంజనీరింగ్ కళాశాలను ప్రారంభించింది. 1958లో పి.వి.జి. రాజు ఏర్పాటు చేసిన మాన్సాస్ పూసపాటి వంశపు విద్యాదాన సంప్రదాయానికి కొనసాగింపు. 2001లో టెక్కలిలో ఆదిత్య సాంకేతిక, నిర్వహణ విద్యాసంస్థ వచ్చింది. రాజాం అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో అది విజయనగరం జిల్లాలో కలిసింది.

ఈ కళాశాలలు బి.టెక్.తో మొదలయ్యాయి. 2000 సంవత్సరం సమీపిస్తున్నప్పుడు పాత కంప్యూటర్లలోని తేదీల చిక్కును సరిదిద్దే పని ప్రపంచమంతటా ప్రోగ్రామర్లకు గిరాకీ పెంచింది. హైదరాబాదు అమీర్‌పేటలో శిక్షణ కేంద్రాలు వెలిశాయి. అమెరికాలో ఎం.ఎస్. చేయడం తెలుగు మధ్యతరగతి ఇళ్లలో సాధారణ ఆకాంక్షగా మారింది. డిగ్రీ కళాశాలల్లో గణితం చదివిన బి.ఎస్సీ. విద్యార్థులకు ఎం.సి.ఎ. మరో దారి చూపింది. ఇంజనీరింగ్ సీటు దక్కనివారు, ఆ ఖర్చు భరించలేనివారు ఐసెట్ రాసి ఈ దారిలో కంప్యూటర్ రంగంలోకి ప్రవేశించగలిగారు. మూడేళ్ల ఎం.సి.ఎ. 2020-21 నుంచి రెండేళ్ల చదువైంది.

బి.టెక్. కోసం కట్టిన ఈ భవనాల్లోకి ఎం.టెక్. తరువాత వచ్చి చేరింది. స్నాతకోత్తర విద్య ముందు, దాని పరిశోధన ఫలితంగా పట్టభద్ర విద్య వెనుక అన్న వరుస ఇక్కడ లేదు. ఈ క్రమమే తరువాతి చరిత్రను నిర్ణయించింది.

4. ఎం.టెక్. అవసరం: నిబంధనల చరిత్ర

మొదటి దశలో ప్రథమ శ్రేణి బి.టెక్. పట్టా ఉన్నవారు ఇంజనీరింగ్ కళాశాలలో లెక్చరరుగా చేరగలిగేవారు. 2010లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెచ్చిన నిబంధనలు అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికి బి.టెక్.తో పాటు ఎం.టెక్. కూడా ఉండాలని, రెండింటిలో ఒకటి ప్రథమ శ్రేణిలో ఉండాలని నిర్దేశించాయి. అప్పటికే బోధిస్తున్న వందలాది యువ అధ్యాపకులకు ఎం.టెక్. ఉద్యోగ రక్షణ అయింది. కొత్తగా చేరదలచినవారికి అదే ప్రవేశద్వారం. ఎం.టెక్. తరగతులకు గట్టి ఆధారం ఇక్కడినుంచే దొరికింది.

2018-19లో ఈ ఆధారం సడలింది. బి.టెక్.లో ప్రతి 15 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్న నిష్పత్తిని మండలి 20 మందికి ఒకరుగా మార్చింది. ఏటా 60 మంది చేరే ఒక విభాగంలో నాలుగేళ్లకు 240 మంది విద్యార్థులుంటారు. పాత లెక్కన వారికి 16 మంది అధ్యాపకులు కావాలి. కొత్త లెక్కన 12 మంది చాలు. ప్రతి విభాగంలోనూ నాలుగు ఉద్యోగాల అవసరం కాగితం మీదనే తీరిపోయింది. అధ్యాపక వృత్తి కోసం ఎం.టెక్. చేయదలచిన విద్యార్థికి ఈ మార్పు అర్థం స్పష్టమే.

రెండో దెబ్బ బోధన రుసుము నుంచి వచ్చింది. 2020 డిసెంబరులో వెలువడిన 77వ నెంబరు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ప్రైవేటు కళాశాలల్లో చదివే స్నాతకోత్తర విద్యార్థులకు రుసుము చెల్లింపు ఆ విద్యాసంవత్సరం నుంచి నిలిచిపోయింది. గేట్‌లో అర్హత సాధించినవారికి నెలకు 12,400 రూపాయల భృతి ఉంది. మంచి గేట్ ర్యాంకు వచ్చిన విద్యార్థి చూపు సహజంగా ఐ.ఐ.టి.లు, ఎన్.ఐ.టి.ల వైపు మళ్లుతుంది. ర్యాంకు రాని విద్యార్థికి భృతి లేదు, ఆ ఉత్తర్వు తరువాత ప్రైవేటు కళాశాలలో రుసుము సాయమూ లేదు. బి.టెక్. ముగించిన కొడుకో కూతురో నెల జీతం తెస్తారని ఎదురుచూసే రైతు కుటుంబానికి మరో రెండేళ్లు ఆగడం సామాన్యమైన విషయం కాదు. అమెరికా వెళ్లగలిగినవారికి పరిస్థితి వేరు. అక్కడ ఎం.ఎస్. తరువాత పనిచేస్తూ ఉండగల గడువు సాంకేతిక విద్యార్థులకు 2008లో 29 నెలలకు, 2016లో 36 నెలలకు పెరిగింది. అప్పు చేసి వెళ్లినా తీర్చగలమన్న ధైర్యం ఆ గడువు ఇచ్చింది. కలిగినవారు విదేశానికి, ర్యాంకు ఉన్నవారు పెద్ద సంస్థలకు వెళ్లగా, మిగిలినవారి పట్టుదల మీద స్థానిక ఎం.టెక్. నిలబడవలసి వచ్చింది.

5. విశ్వవిద్యాలయాల రాక: 2007-2022

ఈ కాలంలోనే ప్రాంతానికి విశ్వవిద్యాలయాలు వరుసగా వచ్చాయి. 2007లో విజయనగరంలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడింది. 1946లో కాకినాడకు తరలిన ప్రభుత్వ ఇంజనీరింగ్ విద్య ఆరు దశాబ్దాల తరువాత ఉత్తరాంధ్రకు ఈ రూపంలో తిరిగి వచ్చిందనవచ్చు. 2008లో జె.ఎన్.టి.యు. విభజన జరిగి కాకినాడ విశ్వవిద్యాలయం వేరుపడింది. అదే సంవత్సరం ఎచ్చెర్ల స్నాతకోత్తర కేంద్రం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయంగా మారింది. 2016లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం శ్రీకాకుళానికి ఒక ప్రాంగణాన్ని కేటాయించింది. కంప్యూటర్ రంగపు అత్యున్నత పురస్కారం ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్న రాజ్ రెడ్డి ఆ విశ్వవిద్యాలయ తొలి కులపతి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, స్టాన్‌ఫోర్డ్‌లో 1966లో డాక్టరేటు పొంది, యంత్రాలకు మానవ వాక్కును గుర్తించడం నేర్పే పరిశోధనకు ఆయన ఆద్యులలో ఒకరు. 2019లో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరంలోని కొండకరకం ప్రాంగణంలో తరగతులు ఆరంభించింది. 2022లో గురజాడ విశ్వవిద్యాలయంతో ఈ వరుస పూర్తయింది.

అనుబంధ కళాశాలలో పనిచేస్తూ పిహెచ్.డి. చేసే అధ్యాపకుడి దృష్టితో చూస్తే ఈ వరుస దూరాల చరిత్ర. 2008కి ముందు జె.ఎన్.టి.యు. ప్రధాన కార్యాలయం ఆరువందల కిలోమీటర్లకు పైబడిన హైదరాబాదులో ఉండేది. తరువాత కాకినాడకు, చివరకు విజయనగరానికి వచ్చింది. కార్యాలయం దగ్గరైనంత తేలికగా పరిశోధన సమస్య దగ్గర కాలేదు. ఒకే పాఠ్యప్రణాళిక అనేక జిల్లాల కళాశాలలకు వర్తిస్తుంది. ఎం.టెక్. సిద్ధాంత వ్యాసానికి ఉండేది రెండో సంవత్సరం మాత్రమే. అంతర్జాలంలో సిద్ధంగా దొరికే దత్తాంశం మీద తెలిసిన పద్ధతిని ప్రయోగించి, ఫలితాన్ని ఒకటి రెండు శాతం మెరుగుపరచడం ఆ గడువులో ముగుస్తుంది. కొత్త దత్తాంశాన్ని ఊరూరా తిరిగి సేకరించడం ముగియదు. పిహెచ్.డి.లోనూ 2016 నాటి యు.జి.సి. నిబంధనలు సిద్ధాంత వ్యాస సమర్పణకు ముందే ఒక పత్రికా వ్యాసాన్ని, రెండు సదస్సు పత్రాలను తప్పనిసరి చేశాయి. 2022 నిబంధనలు ఆ షరతును తొలగించాయి. గడువూ లెక్కలూ కలిసి పరిశోధకుణ్ణి సులభమైన దారికి నెట్టాయి. ఇది వ్యక్తుల లోపం కంటే ఏర్పాటులోని లోపం.

6. గిడుగు పద్ధతి

ఈ నేలకు వేరే పరిశోధన సంప్రదాయం ఉంది. వంశధార తీరంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. పరిసర కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలని పూనుకొని, ఆ భాష తెలిసినవారిని ఇంట ఉంచుకొని మాటలు సేకరించారు. ఆయన రచించిన సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో మద్రాసులో వెలువడింది. 1938లో సవర నిఘంటువు వచ్చింది. ఈ మధ్యలో 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. అదే సంవత్సరం మంగేయి గొమాంగో సవరకు 'సొరాంగ్ సొంపెంగ్' అనే ప్రత్యేక లిపిని రూపొందించారు.

గిడుగు చేసిన పనిని ఈనాటి కంప్యూటర్ సైన్స్ పరిభాషలోకి తెచ్చి చూస్తే దాని విలువ మరింత తెలుస్తుంది. మాట్లాడేవారి నుంచి నేరుగా సేకరణ, ధ్వనులకు స్థిరమైన సంకేతాలు, పదానికి అర్థం, ప్రయోగానికి ఉదాహరణ. యంత్రానువాదానికీ వాక్కు గుర్తింపుకూ మొట్టమొదట కావలసినవి ఇవే. సవర ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది. తెలుగుతో దానికి జ్ఞాతిత్వం లేదు. క్రియలో నామం కలిసిపోయి ఒక్క పదమే వాక్యమంత అర్థాన్ని ఇవ్వడం దాని లక్షణం. ఆంగ్లం కోసం తయారైన పదవిభజన పద్ధతులు అటువంటి భాష దగ్గర తడబడతాయి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించింది. సొరాంగ్ సొంపెంగ్ 2012లో చేరింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సవర మాట్లాడేవారు నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. వారిలో కొందరు సీతంపేట ఏజెన్సీలో, అంటే పైన చెప్పిన కళాశాలలకు బస్సు ప్రయాణమంత దూరంలో నివసిస్తున్నారు.

7. 1997లో పుట్టిన మరో సంస్థ

రాజాం, చింతలవలస కళాశాలలు మొదలైన 1997లోనే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు కథానిలయాన్ని ప్రారంభించారు. 'యజ్ఞంతో తొమ్మిది'కి వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కార ధనాన్ని ఆయన దీనికి వినియోగించారు. తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలన్న సంకల్పంతో పాత పత్రికలను వెతికి సేకరించిన ఈ నిలయంలోని కథలు తరువాత ఛాయాప్రతులుగా అంతర్జాలంలోకి చేరాయి.

ఛాయాప్రతి మనిషి చదవగలిగిన బొమ్మ మాత్రమే. అందులోని మాటను యంత్రం వెతకాలంటే ముద్రిత అక్షరాన్ని గుర్తించగలగాలి. సీసపు అచ్చులో అరిగిన అక్షరాలు, పక్కకు జరిగిన వత్తులు, పాత లిపి రూపాలు, పసుపెక్కిన కాగితం ఈ గుర్తింపును కష్టతరం చేస్తాయి. తెలుగులో హల్లు, గుణింతం, వత్తు కలిసి ఒకే అక్షరరూపం కావడం వల్ల గుర్తించవలసిన ఆకారాలు వేలల్లో ఉంటాయి. ఇది నిజమైన కంప్యూటర్ సైన్స్ సమస్య. కథల్లోని ఉత్తరాంధ్ర మాండలికం మరో సమస్య. పత్రికల ప్రామాణిక తెలుగు మీద శిక్షణ పొందిన యంత్రం ఆ పలుకును తప్పుగా భావించి దిద్దే ప్రమాదం ఉంది. గురజాడ, గిడుగు పోరాడినది ఈ దిద్దుబాటు ధోరణితోనే. అప్పుడు దిద్దినవాడు పండితుడు, ఇప్పుడు దిద్దేది యంత్రం.

కంప్యూటర్ సైన్స్ విశ్వజనీనమైనదని, దానికి ఊరూ పేరూ అక్కరలేదని ఒక వాదం ఉంది. గణన సిద్ధాంతం విషయంలో అది నిజం. భాష, వాక్కు, లిపి విషయంలో ఫలితాన్ని నిర్ణయించేది దత్తాంశం. దత్తాంశం ఒక చోట పుడుతుంది. దానిని సేకరించడానికి ఆ చోటి మనిషి కావాలి. పెద్ద సంస్థలకు యంత్రబలం ఉంది. సీతంపేట సంతలో సవర మాట వినగల సామీప్యం ఈ ప్రాంతపు పరిశోధకుడికి ఉంది.

8. ముగింపు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు కంప్యూటర్ సైన్స్ స్నాతకోత్తర విద్య అధ్యాపక నియామకాల అవసరంగా వచ్చింది. 2010 నిబంధనతో పెరిగిన ఆధారం 2018 నిష్పత్తి మార్పుతో సన్నగిల్లింది, 2020 ఉత్తర్వు పేద విద్యార్థికి దారి ఇరుకు చేసింది. నిబంధనలతో వచ్చిన విద్య నిబంధనలతోనే పోగలదని ఈ చరిత్ర చెబుతోంది. తనదైన ప్రశ్న ఉన్న విద్యకు ఆ భయం తక్కువ.

మూడు ఏర్పాట్లు ఈ దిశలో ఆలోచించదగినవి. మొదటిది, దత్తాంశ సేకరణను కూడా సిద్ధాంత వ్యాసంగా గుర్తించడం. ఒక ఎం.టెక్. విద్యార్థి సరిచూసి అందించిన పది గంటల సవర వాక్కు, తరువాతి పదిమంది పరిశోధనకు పెట్టుబడి. రెండోది, గురజాడ విశ్వవిద్యాలయం, గిరిజన విశ్వవిద్యాలయం, కథానిలయం ఉమ్మడి పర్యవేక్షణలో పరిశోధనాంశాలను రూపొందించడం. మూడోది, సేకరణలో పాల్గొన్న సవర యువకులకు పారితోషికమూ గుర్తింపూ ఇవ్వడం, సేకరించిన నిధి మీద వారి సమాజానికి హక్కు ఉంచడం.

గిడుగుకు సవర నేర్చుకొమ్మని ఏ మండలీ నిబంధన పెట్టలేదు. ఆయన వృత్తి చరిత్ర పాఠం చెప్పడం. పాఠశాల పక్కనున్న కొండల్లో ఒక భాష వినిపించింది, దాని కోసం ఆయన ఇంటి తలుపు తీశారు. గురజాడ విశ్వవిద్యాలయ పరిధిలోని పరిశోధనాగారాలకు ఆ కొండలు ఈనాటికీ దూరం కాదు.